రెండో కబురు

“ముందు ఆ కార్డు నా గడప దాటాలి. ఆ తర్వాతే ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది!”

అంత మాటా అనేసి శేషారత్నం వంటింటి గుమ్మంలో చతికిలబడింది. పొద్దెక్కింది. కాఫీ లేదు, టిఫిన్ లేదు. తెనాలి గంగానమ్మపేటలో ఇంటింటా పోపుల వాసన గుప్పుమంటుంటే ఈ ఇంటి పొయ్యిలో మాత్రం నిన్నటి బూడిద నిన్నటిలాగే ఉంది.

కార్డేమో కిటికీ గూట్లో దర్జాగా కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం పోస్టులో వచ్చింది. బాపట్లలో యూనివర్సిటీవారి డెల్టా ఇంజినీరింగు కేంద్రం పెట్టి పదేళ్ళు దాటిందట. పరదేశాల పిల్లలకి కాలవల చదువు చెప్పే ఆ కేంద్రాన్ని నిలబెట్టి కన్నుమూసిన పెద్దలకి ఆదివారం సాయంత్రం సంస్మరణ సభట. నలుగురి పేర్లు అచ్చేశారు. నాలుగో పేరు కీర్తిశేషులు బసవేశ్వరరావుగారు.

ఆ కీర్తిశేషులు ఇప్పుడు పెరటి అరుగుమీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

“అచ్చులో ఏదో పొరపాటు పడుంటుందిలే, రత్నం. దానికింత రాద్ధాంతమా?” అన్నాడు అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

“పొరపాటా! కింద చేత్తో రాసింది కూడా పొరపాటేనా? మీ ఫోటో కోసం ఇవాళే, శుక్రవారం, ఆ పూర్ణచంద్రరావే స్వయంగా వస్తాడట. మీ ధర్మపత్నిని వేదికమీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాడట. ఎందుకండీ నాకు శాలువా? మొగుడు పోయినందుకా?”

మంగళసూత్రాలు తీసి కళ్ళకద్దుకుంది. నిన్నటినుంచి ఎన్నోసారో.

బసవేశ్వరరావు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇంకో నాలుగు మాటలు అనేదే గాని, ఉన్నట్టుండి చూపు ఆడపడుచు మీదకి మళ్ళింది.

అంకమ్మ నోట్లో నువ్వుగింజ నానదని పేటంతా ఎరిగిన సంగతి. అలాంటి మనిషి నిన్నటినుంచి కిక్కురుమనలేదు. వసారాలో చిక్కుడుకాయలు ముందేసుకుని, ఈనె తీసిన కాయకే మళ్ళీ ఈనె తీస్తోంది.

“వదినా, ఇటు చూడు. నీకేమైనా తెలుసా?”

“నాకేం తెలుసే శేషమ్మా? ముసలిదాన్ని.”

“వదినా!”

అంకమ్మ చేట పక్కకి జరిపింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

“మొన్న ఆంధ్రా ఉద్యమం రోజుల్లో తమ్ముడి తలమీద కాకి తన్నలేదూ? ఈ పెరట్లోనే. నువ్వూ చూశావు.”

“చూశాను. తలంటి పోశాను. గుడికి పంపాను.”

“తలంటితే పోతుందా కాకి దోషం? మన పెద్దలు ఏం చేసేవారు? మనిషి పోయాడని చుట్టాలకి అబద్ధపు కబురు పంపేవారు. వాళ్ళు ఏడిస్తే ఆ కన్నీళ్ళతో గండం పోతుంది. ఆ వెనకే రెండో కబురు వెళ్తుంది, మనిషి నిక్షేపంలా ఉన్నాడని. నేనూ అదే చేశాను. బాపట్లలో మన లక్ష్మమ్మకి కబురంపించాను. పాపం, వీధిలోకొచ్చి మరీ ఏడ్చిందట.”

“రెండో కబురో?”

“పంపుదామనే అనుకున్నానే తల్లీ! ఆ మర్నాటినుంచే రైళ్ళు ఆపేశారు, బస్సులు ఆపేశారు. మనిషి కదిలితేగా! మళ్ళీ బళ్ళు నడిచాక పంపాను. ఈలోగా లక్ష్మమ్మ మొగుడు వెళ్ళి ఆ కేంద్రం ఆఫీసులో చెప్పేశాడు. ఆయన అక్కడేగా గుమాస్తా! కేంద్రం తెరవగానే సంతాపసభ పెట్టారట, సగం రోజు సెలవిచ్చారట. ఆ తర్వాత మనిషి బతికే ఉన్నాడని ఏ ముఖంతో చెప్తాడు? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.”

శేషారత్నానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడాదిన్నరగా తను రోజూ పూలు పెట్టుకుంటోంది, బొట్టు పెట్టుకుంటోంది. బాపట్ల లెక్కలో మాత్రం తను ఎప్పుడో ముండమోసింది.

పెరట్లో మగ్గుతో ముఖం కడుక్కుంటున్న చప్పుడు ఆగిపోయింది.

“మంచిపనే చేశావక్కయ్యా,” అన్నాడు బసవేశ్వరరావు.

“మంచిపనా?” శేషారత్నం లేచి నిలబడింది.

“కాదూ? చచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అలాగే ఉండనీ రత్నం. పాత ఫోటో ఏదో ఒకటి ఇచ్చి పంపెయ్. దండ వేసుకుంటారు, నాలుగు మంచిమాటలు చెప్పుకుంటారు. మన సొమ్మేం పోయింది?”

“ఎవరూ అడక్కపోతే మీకు సుఖం! అవునులెండి, ఆ పిల్లాణ్ణి గురించి కూడా ఎవరూ అడగటం లేదుగా!”

అంకమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ ఎత్తని ఊసది. బసవేశ్వరరావు తువ్వాలు భుజాన వేసుకుని దొడ్డివైపు వెళ్ళిపోయాడు. శేషారత్నం నాలిక కరుచుకుంది గాని, అన్నందుకు మాత్రం విచారించలేదు.

ఆ పిల్లాడి పేరు ఉస్మాన్. సుడాన్ దేశపువాడు. తాటిచెట్టంత మనిషి, నల్లగా నిగనిగలాడేవాడు, నవ్వితే ఇల్లంతా నవ్వినట్టుండేది.

అప్పుడు వీళ్ళు బాపట్లలో ఉండేవాళ్ళు. కేంద్రమంటే రెండు గదులు, ఒక రేకుల షెడ్డు. నల్లబల్ల కూడా సరిగ్గా లేని రోజులు. పాఠం చెప్పాలంటే బసవేశ్వరరావు పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చి, వాకిట్లో శేషారత్నం ముగ్గుపిండితో కృష్ణా డెల్టా గీసేవాడు. ఇదిగో ఆనకట్ట, ఇదిగో పెద్దకాలవ, ఇవి పొలంబోదెలు, ఇదంతా సముద్రానికి పోయే మురుగు. ఉస్మాన్ ఆ పక్కనే కూర్చుని వాళ్ళ నైలు నదిని గీసేవాడు. రెండు నదులూ కలిసి ఆవిడ తులసికోట దాకా వచ్చేవి. “నా ముగ్గు ఎక్కడ పెట్టుకోనయ్యా?” అని ఈవిడ కసిరితే, “అమ్మా, నైలుకి ఇటుపక్క పెట్టు” అనేవాడు వచ్చీరాని తెలుగులో.

ఈవిడ చేతి గోంగూర పచ్చడి కోసం రోజు మార్చి రోజు వచ్చేవాడు. మాంసం మీద మనసైనప్పుడు సర్వే ఖలాసీ నాగుల్ మీరా ఇంటికి వెళ్ళేవాడు. నాగుల్ మీరా తల్లి కరీమాబీ వాడికి కొసరి కొసరి వడ్డించేది. ఇద్దరు తల్లులున్నారు నాకు ఇక్కడ అనేవాడు, మూడో తల్లి ఖార్తూములో ఉండగా.

రేపల్లె అవతల మురుగు కాలవ మీద సర్వే క్యాంపు వేశారు. ఎవరో పెద్దలు ఢిల్లీనుంచి వస్తున్నారని, ఆ లోపల పని తెమలాలని పైనుంచి ఒకటే తొందర. అమావాస్య పోటుంది, రెండు రోజులు ఆగుదామని బసవేశ్వరరావు అన్నాడు. ఆగలేదు. కాలవ మధ్యలో దోనెమీద కొలబద్ద పట్టుకుని నిలబడ్డవాడు ఉస్మాన్. గట్టుమీద లెవెల్ మిషన్లో కన్నుపెట్టి చూస్తున్నవాడు బసవేశ్వరరావు. ఆ పాత మిషన్లో మనుషులు తలకిందులుగా కనిపిస్తారు. సముద్రం పోటు ఎదురెక్కి దోనె తిరగబడినప్పుడు ఆ గాజులో ఏది పైనో ఏది కిందో ఒక్క క్షణం ఆయనకి తెలియలేదు. ఆ సంగతి శేషారత్నానికి ఆయన ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

మట్టి చెయ్యడం రేపల్లెలోనే జరిగింది. నాగుల్ మీరా సొంతూరు అదే, ఆ తర్వాత అతనూ అక్కడికే చేరాడు; వాళ్ళే దగ్గరుండి జరిపించారు. విచారణకి ఒక పెద్దమనిషి వచ్చాడు. కుర్రాడు సెలవు రోజున మా మాట కాదని ఈతకి దిగాడు అని చెప్పమన్నారు బసవేశ్వరరావుని. ఆయన చెప్పనన్నాడు. ఉద్యోగం వదిలేసి తెనాలి వచ్చేశాడు. ఆ మాట చెప్పినవాడు పూర్ణచంద్రరావు. ఇప్పుడు ఆ కేంద్రానికి డైరెక్టరు.

వచ్చాక బసవేశ్వరరావు ఒక పాఠం చెప్పలేదు, ఒక స్నేహితుణ్ణి కలవలేదు. వేమూరు పొలం కౌలుకిచ్చి అరుగుమీద కూర్చున్నాడు. ఎప్పుడైనా రేపల్లె బండెక్కి వెళ్ళి చీకటిపడ్డాక వస్తాడు. ఎక్కడికని ఈవిడ అడగదు. ఎక్కడికో ఈవిడకి తెలుసు.

వీధిలో రిక్షా ఆగింది. శేషారత్నం గబగబా తలుపు చాటుకి జరిగింది.

పూర్ణచంద్రరావు చావు పరామర్శకి వచ్చినట్టే వచ్చాడు. తెల్లబట్టలు, చేతులు ఖాళీ. చెప్పులు వీధిమెట్టు దగ్గరే విడిచాడు. తల ఎత్తకుండా లోపలికొచ్చి, అంకమ్మ ఎదురుగా చాపమీద కూలబడ్డాడు.

“అంకమ్మక్కయ్యా, ఎంత ఘోరమైపోయింది! కబురు తెలిసిననాడు రైళ్ళు లేవు. రైళ్ళు నడిచేనాటికి నాకు ముఖం చెల్లలేదు.”

అంకమ్మ చేట మళ్ళీ ముందుకి లాక్కుంది. “అది కాదు నాయనా...” అంది.

“చెప్పనివ్వండి. ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పలేను. నేను ఆ ఇంట్లో ఎన్ని ముద్దలు తిన్నాను! లెవెల్ మిషను పట్టుకోవడం నేర్పింది ఆయన. ఒక్క సంగతి అడుగుతాను, దాచకండి. పోయేముందు అన్నయ్యగారు నన్ను గురించి ఏమైనా అన్నారా?”

“ఏమీ అనలేదయ్యా.”

“అనరు.” పూర్ణచంద్రరావు కండువాతో కళ్ళొత్తుకున్నాడు. “తిట్టినా బాగుండేది. వదినగారిని ఎలా చూడనండీ నేను?”

తలుపు చాటున శేషారత్నానికి కళ్ళు చెమ్మగిల్లాయి. కోపం ఎక్కడికి పోయిందో! సరిగ్గా అప్పుడే దొడ్లోంచి గొంతు వినిపించింది.

“అక్కయ్యా! నీళ్ళ బాన ఖాళీ. బావి చేద ఎక్కడ పెట్టారు?”

పూర్ణచంద్రరావు ముఖంలో నెత్తురుచుక్క లేదు. బసవేశ్వరరావు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“ఏం పూర్ణం! బాగా ఒళ్ళు చేశావే,” అన్నాడు బసవేశ్వరరావు.

పూర్ణచంద్రరావు మోకాళ్ళమీద పాక్కుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. పట్టుకుని, వేళ్ళు తడిమి చూసి, చంటిపిల్లాడిలా భోరుమన్నాడు. అది దొంగ ఏడుపు కాదు. అంకమ్మ కూడా ముక్కు చీదింది.

అప్పుడు వచ్చింది శేషారత్నం ఇవతలికి. రూపాయికాసంత కుంకుమబొట్టు, తల్లో కనకాంబరాలు.

“శాలువా కప్పుతానన్నది నాకేనా, మరిదిగారూ?”

“వదినగారూ, చెప్పుచ్చుకుని కొట్టండి నన్ను!”

కాకి సంగతి అంకమ్మే చెప్పుకుంది. ఈసారి ఈనెలు తీయకుండా మొత్తం చెప్పింది. పూర్ణచంద్రరావు లేచి కిటికీ గూట్లో కార్డు తీసి, నాలుగు ముక్కలు చేసి, వీధిలోకెళ్ళి కాలవలో పారేసి వచ్చాడు. శేషారత్నం పొయ్యి వెలిగించింది.

కాఫీలయ్యాక కాసేపు పోయినవాళ్ళ మాటలు సాగాయి. బసవేశ్వరరావు ఇంతసేపు మాట్లాడగా విని ఎన్నాళ్ళయిందో ఆవిడకి!

“మిగతా ముగ్గురూ సరిగ్గా పోయినవాళ్ళేనా, లేక వాళ్ళనీ కాకులు తన్నాయా?”

“పోయారన్నయ్యగారూ. శివరామయ్యగారు పోయినేడు. రంగనాయకులుగారు అంతకుముందు. మార్కు మొన్న శీతాకాలం.”

“శివరామయ్యగారు ఢిల్లీలో ఎన్ని గుమ్మాలెక్కి దిగారో! సంచీలో కందిపొడి, నెయ్యిసీసా. ఈ కాలవల మధ్య పరదేశపు పిల్లలకి బడి పెడతానంటే అక్కడి దొరలంతా నవ్వారట. నవ్వనీండి, సంతకం మాత్రం పెట్టండి అన్నారట ఆయన.”

“రంగనాయకులుగారు లేకపోతే పిల్లలకి నీడే లేదు గదండి!”

“ఊళ్ళో ఒక్కడు ఇల్లు అద్దెకిచ్చాడా? ఏం తింటారో, ఎలాంటివాళ్ళో అని తలుపులేసుకున్నారు. ఆయన గృహప్రవేశమైనా చేసుకోని కొత్తింటి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముందు వాళ్ళని పాలు పొంగించుకోమను అన్నాడు. మార్కు సంగతి సరేసరి. చెక్కముక్కలతో లాకులు చేసి, తలుపులెత్తి నీళ్ళు వదిలి చూపించేవాడు. పిల్లలు నా పాఠం మానేసి వాడి షెడ్డుకి పోయేవాళ్ళు.”

నవ్వుకున్నారు ఇద్దరూ. బసవేశ్వరరావు చెంబు కింద పెట్టాడు.

“నాలుగో కుర్చీ ఖాళీ అయింది గదా పూర్ణం,” అన్నాడు బసవేశ్వరరావు నెమ్మదిగా. “అందులో ఎవరిని కూర్చోబెడతావు?”

పూర్ణచంద్రరావు తలవంచుకున్నాడు. “నన్ను మీరు ఏమన్నా పడతాను. కాని ఆనాడు నేను ఆ మాట చెప్పకపోతే కేంద్రం మూతపడేదండి. పనిలో పిల్లాడు పోయాడంటే ఏ దేశం పంపుతుంది ఇంకో పిల్లాణ్ణి? ఇవాళ పన్నెండు దేశాలవాళ్ళు చదువుతున్నారు. మీరు గీసిన ముగ్గే అన్నయ్యగారూ అది!”

“మూతపడేది. నిజమే. అందుకే నేను నిన్ను ఒక్క మాట అనలేదు.”

“అయితే రండి సభకి. బతికున్న బసవేశ్వరరావుని చూస్తే పిల్లలు పండగ చేసుకుంటారు.”

“రాను. వస్తే వేదికమీద మాట్లాడమంటావు. మాట్లాడితే వాడి పేరు చెప్తాను. అది నీకూ కష్టం, కేంద్రానికీ కష్టం. నన్నిలాగే ఉండనీ.”

శేషారత్నం ఇక వినలేకపోయింది. లోపలికి వెళ్ళి ఇనప్పెట్టె మూత ఎత్తింది. పెళ్ళి చీర మడతలోంచి ఒక ఫోటో తీసుకుని వచ్చి, పూర్ణచంద్రరావు ఎదురుగా కుర్చీలో పెట్టింది.

ఫోటోలో ఉస్మాన్ పంచె కట్టుకుని, లాల్చీ తొడుక్కుని నిలబడ్డాడు. ఆ ఉగాదికి బట్టలు పెట్టింది తనే. వాళ్ళమ్మకి పంపాలని ఇక్కడే, తెనాలి స్టూడియోలో తీయించుకున్నాడు. రెండు కాపీలు అడిగి, ఒకటి ఈ అమ్మకిచ్చాడు. ఏడేళ్ళుగా మొగుడి కంటపడకుండా దాచింది దీన్ని. ఆయన చూస్తే తట్టుకోలేడని భయం.

“పోయినవాళ్ళ ఫోటో కదా మీకు కావలసింది, మరిదిగారూ? తీసుకెళ్ళండి. దండ మాత్రం వెయ్యకండి, వాళ్ళల్లో వెయ్యరట. ఊరికే ఆ ముగ్గురి పక్కన పెట్టండి, చాలు.”

పూర్ణచంద్రరావు చెయ్యి చాచలేదు.

“వదినగారూ, ఆదివారం సుడాన్ రాయబారి కార్యాలయం నుంచి మనిషి వస్తున్నాడు. మొదటి వరసలో కూర్చుంటాడు. ఇతనెవరని ఆయన అడిగితే నేనేం చెప్పను?”

“ఎవరో చెప్పండి. తన కొడుకు పెద్దల మాట వినక చచ్చాడని వాళ్ళమ్మ అనుకుంటోంది. ఏడేళ్ళుగా అనుకుంటోంది. కనీసం ఆ మాటైనా తుడిచెయ్యండి.”

“కేంద్రం పోతే?”

“రత్నం, పూర్ణాన్ని ఇబ్బంది పెట్టకు,” అన్నాడు బసవేశ్వరరావు. ఆయన చూపు మాత్రం ఫోటో మీదే ఉంది.

ఆవిడ గిర్రున తిరిగింది. “మీరు మాట్లాడకండి! ఈయన అబద్ధమాడి ఇస్కూలు బతికించాడు. మీరు నిజం కడుపులో పెట్టుకుని చచ్చిపోయారు. మా వదిన కబురు పంపేదాకా ఎందుకు, నాకు ఏడేళ్ళ కిందటే తెలుసు మీరు పోయారని. ఎవరితో చెప్పుకోను? బొట్టుంది, తాళుంది, మనిషి లేడు!”

అనేశాక ఆవిడకే దడ పుట్టింది. అయినా వెనక్కి తగ్గలేదు.

“మరిదిగారూ, మీరు తీసుకెళ్ళకపోతే నేనే తెస్తా. ఆదివారం ఆ శాలువా కుర్చీలో ఇదిగో ఈ బొట్టుతో, ఈ పూలతో కూర్చుంటా. ఫోటో ఒళ్ళో పెట్టుకుంటా. అడిగినవాళ్ళకి నేను చెప్పుకుంటా. నన్ను లేవగొట్టగలిగితే లేవగొట్టండి.”

పూర్ణచంద్రరావు ఔననలేదు, కాదనలేదు. లేచి, చెప్పులేసుకుని, “వెళ్ళొస్తాను వదినగారూ” అని రిక్షా ఎక్కాడు.

“చావింటికొచ్చినవాడు వెళ్ళొస్తానని చెప్పడు,” అంది అంకమ్మ అతను మలుపు తిరిగాక. “పోన్లే, మనదిప్పుడు బతికినిల్లేగా. ఏదైనా, రెండో కబురు ఈసారి నేను పంపనర్రా. మీరే వెళ్ళి చెప్పుకోండి.”

శనివారం అంతా ఆలుమగలిద్దరికీ మాటల్లేవు. అన్నం పెడితే తిన్నాడు. ఫోటో కుర్చీలోనే ఉంది. ఆవిడ తియ్యలేదు, ఆయన తియ్యమనలేదు.

ఆదివారం తలస్నానం చేసి, జరీచీర కట్టుకుని, పూలు పెట్టుకుని శేషారత్నం వసారాలోకొచ్చింది. కుర్చీలో ఫోటో లేదు. గుమ్మం దగ్గర ఆయన చెప్పులు లేవు.

“వదినా!”

“కోడి కూయగానే వెళ్ళాడే. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఆ ఫోటో తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఎక్కడికిరా అంటే పలికితేగా!”

ఫోటో దాచేస్తాడా? ఏ కాలవలోనో... ఆ పైన ఆలోచించడానికే భయమేసింది. రిక్షా మాట్లాడుకుని స్టేషనుకి పరిగెత్తించింది. టిక్కెట్టు కిటికీ దగ్గర “ఎక్కడికమ్మా?” అని అడిగితే ఒక్క క్షణం తడబడింది. రేపల్లెకా? బాపట్లకా?

“బాపట్లకండి. ఒకటి.”

ఆయన ఎటు వెళ్ళినా ఆ కుర్చీలో కూర్చుంటానన్నది తను.

బాపట్ల బండి కదలడానికి సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. కూర్చుని, ఊపిరి పీల్చుకుని, అవతలి ప్లాట్‌ఫారం వైపు చూసింది. అక్కడ తెల్లారగట్లే కదలాల్సిన రేపల్లె పాసింజరు ఇంకా నిలబడే ఉంది. దాని కిటికీలో నున్నగా గీసిన గడ్డం, తెల్లచొక్కా.

“ఏవండీ!”

స్టేషను స్టేషనంతా తిరిగి చూసేలా అరిచింది. ఆయన తలెత్తాడు. ఒళ్ళో తువ్వాలు విప్పి ఉంది. అందులో పంచె కట్టుకున్న ఉస్మాన్ ఆకాశంవంక చూసి నవ్వుతున్నాడు.

“అటెక్కారేంటండీ?”

“ముందు వాడికొక మాట చెప్పాలి గదా!” బసవేశ్వరరావు కిటికీలోంచి వంగి అరిచాడు. ఆయన గొంతు అంత పెద్దగా విని ఎన్నేళ్ళయిందో. “చెప్పి, నాగుల్ మీరాని వెంటపెట్టుకుని వస్తా! ఇంకో రెండు కుర్చీలు వెయ్యమను పూర్ణాన్ని!”

“వస్తారా? నిజంగా వస్తారా?”

ఆయన ఏదో అన్నాడు. కూత వేసి ఈవిడ బండి కదిలింది. ఆ మాట ఈవిడ దాకా రాలేదు. చొక్కా తెలుపు కాసేపు కనబడి, స్తంభాల వెనక్కి పోయింది.

శేషారత్నం కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. ఒళ్ళో ఫోటో లేదు. పక్కన మొగుడు లేడు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ఆవిడ జరీచీరా, పూలూ చూసి, “పెళ్ళికా అమ్మాయ్?” అని అడిగింది.

“కాదండి. మా ఆయన బతికే ఉన్నాడని చెప్పడానికి వెళ్తున్నా.”

ముసలమ్మ బిత్తరపోయి చూసింది. శేషారత్నం కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సభ నాలుగింటికి. రేపల్లెనుంచి వచ్చే మధ్యాహ్నం బండి ఏనాడూ వేళకి వచ్చిన పాపాన పోలేదు. ఆయనో, ఏడేళ్ళలో ఒక్కసారి కూడా వస్తానని మాటిచ్చిన మనిషి కాదు. రెండో కబురు మోసుకుని తను బయల్దేరింది గాని, అది నిజమో కాదో నాలుగింటికిగాని తేలదు.